పెళ్లిపీటల మర

మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే చాలు, మర నడిచేది. అప్పటికింకా ఒక్క బోల్టు కూడా కొనలేదు. అయినా నా రెప్పల వెనక ఒక పొడవాటి బల్ల, దాని మీద అడ్డంగా ఒక వంతెన, వంతెన మీద అటూ ఇటూ జారే ఒక పెట్టె కనబడేవి. ఆ పెట్టెలోంచి సన్నని ఉలి ఒకటి కిందికి దిగి, గిర్రున తిరుగుతూ చెక్కను ముట్టుకునేది. చప్పుడుండేది కాదు. పసుప్పచ్చని పనసపొట్టు మాత్రం రాలుతూ ఉండేది. దూరంగా యార్డులోకి ఏదో గూడ్సు వచ్చి ఆగేటప్పుడు ఒక డబ్బాకు ఇంకో డబ్బా తగిలిన చప్పుడు మొదలై, వరసగా చివరి డబ్బా దాకా పాకి, అక్కడ చల్లారిపోయేది. దాంతోపాటు చెక్క మీద నా పద్మం కూడా పూర్తయ్యేది. కళ్లు తెరిస్తే వెనక వరండా రేకులు, దండెం మీద తమ్ముడి ఖాకీ చొక్కా.

అప్పటికి మా ఇంట్లో పీటలు లేవు. ఇస్తామన్న మాట మాత్రం ఇల్లు దాటి వెళ్లిపోయింది.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో మమ్మల్ని పీటలోరు అంటారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఈ రైల్వే ఊరికి వచ్చి పూరీ గేట్ దగ్గర కలప అడితి పెట్టాడు. కూతురి పెళ్లికి ఒకే పనసమానులోంచి జంట పీటలు చేశాడు. ఒక్కోదాని నడుమ ఒక పద్మం, అంచు చుట్టూ తీగ. ఆ తర్వాత ఊళ్లో ఎవరి పిల్ల పెళ్లి జరిగినా ఆ పీటల మీదే జరగాలనుకునేవారు. అడగడానికి ఒక పద్ధతుండేది. పెళ్లికూతురి ఇంటి పెద్ద ఆడమనిషి తాంబూలం పట్టుకుని వచ్చి, గుమ్మం బయటే నిలబడి, పీటలివ్వండమ్మా అనాలి. మేము లేదనకూడదు, బాడుగ తీసుకోకూడదు. మా ఇంటి మనిషి ఒకరు వెళ్లి పందిట్లో వాటిని స్వయంగా వాల్చాలి. క్రిస్టియన్ ఇళ్లవాళ్లు కూడా పెళ్లికి ముందు నలుగు పెట్టడానికి అడిగి తీసుకువెళ్లేవారు. పీట మా కప్పు కింద తయారైనదే కావాలి, బయట చేయించినది పనికిరాదు. ఇంకో నియమం కూడా ఉంది. పీట బరువెంత అని ఎవరూ అడగకూడదు, మేము చెప్పకూడదు. ఎత్తగలిగినవాళ్లు ఎత్తాలి, లేకపోతే ఇంకొకరిని పిలుచుకోవాలి.

అడితి పోయింది. రంపం మిల్లు, పెద్ద గేటు, గేటు పక్క గుర్రబ్బండి షెడ్డు, అన్నీ ఒకటొకటిగా పోయాయి. ఇప్పుడా స్థలంలో ఫ్లాట్లు లేచాయి. నేనూ తమ్ముడూ ఆ వీధికి రెండు వీధుల అవతల రెండు గదుల వాటాలో అద్దెకుంటాం. నేను పెళ్లి చేసుకోలేదు. న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తమ్ముడికి భార్య పోయింది. వాడు వర్క్‌షాపులో, రైలు వేగన్లు బాగుచేసే చోట ఫిట్టరు. తాత పీటలను ఈ వాటాలో గోడకు ఆనించి పెట్టాం. చెమ్మ గోడ. ఒక వర్షాకాలం చెద వాటిని లోపల్నుంచి తినేసింది. ఎత్తబోతే చేతిలో పొరలుపొరలుగా విడిపోయాయి. అప్పటికే పెళ్లిళ్లు హాళ్లలోకి మారాయి, పీటల చోట ఎర్ర వెల్వెట్ కుర్చీలు వచ్చాయి. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

అలాంటిది, దసరా వెళ్లాక ఒక సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి సైకిలుకు స్టాండు వేస్తూ చెప్పాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక ముసలమ్మ మనవరాలికి ఫాల్గుణంలో పెళ్లట. తన పెళ్లి ఆ పీటల మీదే అయింది కాబట్టి ఈ పిల్ల పెళ్లి కూడా వాటి మీదే కావాలని పట్టుబట్టి కూర్చుందట.

"నేవని సెప్పేద్దునా అప్పా?" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అనే పిలుస్తారు.

"రమ్మను."

"రమ్మని ఏటిస్తావు? సెద తిన్న ముక్కలు మూటగట్టి ఇస్తావా?"

"రమ్మన్నానని చెప్పు," అని లోపలికి వెళ్లి దీపం పెట్టాను.

నాన్న పోతూ పోతూ మంచం కింద ఒక జంట చెక్కలు వదిలి వెళ్లాడు. పనసవే. ఒకే మానువి, పక్కపక్కన కోసినవి, రెండంగుళాల మందం. ఇన్నేళ్లూ ఎండి ఎండి, వేలితో కొడితే కంచులా మోగేవి. అలాంటి జంట మళ్లీ దొరకదు. వాటి మీద పద్మం చెక్కడానికి మనిషి లేడు. మా ఇంట్లో ఆడపిల్లల చేతికి ఉలి ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చినా నా కుడి బొటనవేలు పట్టు నిలవదు. అయితే ఆ పద్మం నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మా గుమ్మంలో అదే ముగ్గు. చుక్క ఎక్కడ పెట్టాలో, గీత ఎక్కడ తిరగాలో నా వేళ్లు నన్ను అడక్కుండానే చేస్తాయి. ప్రతి చుక్కకూ రెండు అంకెలుంటాయి, అడ్డం ఎంత, నిలువు ఎంత అని. బళ్లో పిల్లలకు ముప్ఫై ఏళ్లు చెప్పిన పాఠమే. కంప్యూటరుతో నడిచే చెక్కడం మరలకు కూడా ఆ అంకెలే ఆహారమని ఫోనులో వీడియోలు చూశాక తెలిసింది.

హైవే పక్కన ఫర్నిచర్ కొట్టులో అలాంటి మర ఉంది, చెక్క పడేస్తే ఒక పూటలో కోసి ఇస్తాడు అన్నాడు తమ్ముడు. బయటి కప్పు అన్నాను. ఇంట్లో కూచుని కోసినా మర కోసిన పువ్వు మన పువ్వు ఎలా అవుతుందన్నాడు. మర మనం చేసినదైతే అవుతుందన్నాను. వాడు టీ తాగి, టేపు తెచ్చి వరండా కొలిచాడు.

మరకు ముందు కావలసినవి పట్టాలు. వంతెన నడిచే దారి అవే. గోల్ బజార్‌లో ఒక బెంగాలీ ఆయన కొట్టు ఉంది, మోటార్లు, స్విచ్చులు, మిక్సీ భాగాలు, ఏవేవో బోర్డులు అమ్ముతాడు. అందరికీ ఆయన దాదా, ఆయనకు నేను దీదీ. కొట్టు ఎంత ఇరుకంటే ఇద్దరు కొనేవాళ్లు వస్తే ఒకరు వీధిలో నిలబడాలి. దాదా అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద రెండు రకాల పట్టాలు పెట్టాడు. ఒకటి గుండ్రటి కడ్డీ, కింద ఆధారంతో. ఇంకోటి చదరపుది, దాని మీద గుర్రమెక్కినట్టు కూచుని జారే ఒక ఇనుప దిమ్మ. గుండ్రటిది తడితే కొంచెం కదిలింది. చదరపుదాని దిమ్మను వేలితో తోశాను. నూనె రాసిన నిశ్శబ్దంలాగా జారి, చివర ఆగింది. మళ్లీ తోశాను. దాదా ఎవరికో స్విచ్చు అమ్మి, చిల్లర ఇచ్చి, మళ్లీ నా వైపు తిరిగేదాకా నేను దాన్ని అలా తోస్తూనే ఉన్నాను. బయట రిక్షాల గంటలు, ఎక్కడో జిలేబీ వేగుతున్న వాసన. వేలి కింద మాత్రం ఇంకో లోకం.

"ఇదే గేజి అప్పా? మీటర్ గేజా, బ్రాడ్ గేజా?" అని తమ్ముడు వీధిలోంచి అడిగాడు.

తర్వాత ఆ వంతెనను లాగేదేమిటన్న ప్రశ్న వచ్చింది. పళ్లున్న రబ్బరు బెల్టుతో లాగవచ్చు, లేదా పొడవాటి స్క్రూ కడ్డీ తిప్పి నడిపించవచ్చు. తేలికైన మరకు బెల్టు చక్కగా సరిపోతుందన్నాడు దాదా. మా ఇంటి పని రబ్బరు మీద నడవదన్నాను. దాదా నవ్వలేదు. లోపలికి వెళ్లి ఒక స్క్రూ తెచ్చాడు. దాని నట్టులో సన్నని గుళ్లు దొర్లుతూ ఉంటాయట. నిలువుగా పట్టుకుంటే ఆ నట్టు తనంతట తాను మెల్లగా తిరుగుతూ కిందికి దిగింది. ఎవరో పెద్దావిడ కొంగు సర్దుకుంటూ మెట్లు దిగినట్టు. అది తీసుకున్నాను.

ఉలిని తిప్పే మోటారును స్పిండిల్ అంటారు. గాలితో చల్లబడేది ఒకటి, నీళ్లతో చల్లబడేది ఒకటి. గాలిదానికి ఈల ఎక్కువ. మధ్యాహ్నాలు పక్క వాటావాళ్లు నిద్రపోతారు. చప్పుడవుతోందని ఒక మనిషి వచ్చి మా తలుపు కొట్టడం నాకు పడదు. అందుకని నీళ్లది. దానికి బకెట్టు, బకెట్టులో మునిగి ఉండే చిన్న పంపు. ఇంటికి తెచ్చి ముందు ఆ పంపొక్కటే పెట్టి చూశాం. సన్నని గొట్టంలోంచి నీళ్లు పైకెక్కి, తిరిగి బకెట్టులో పడుతున్నాయి. మరింకా పుట్టలేదు, దాని నాడి మాత్రం కొట్టుకుంటోంది. ఆ సవ్వడి వింటూ వరండాలో చాలాసేపు కూచున్నాను. పంపు ఆపమని తమ్ముడు కూడా అనలేదు.

చివర మిగిలినవి వంతెనను నడిపే మోటార్లు. ఇవి మామూలు మోటార్లలా గిర్రున తిరగవు, అడుగు తర్వాత అడుగు వేస్తాయి. ఇన్ని అడుగులు వెయ్యమంటే అన్నే వేసి ఆగుతాయి. చుక్కల మీద నడవడానికి పుట్టినట్టు ఉంటాయి. దాదా మూడు సైజులు బల్ల మీద పెట్టి, మీ గ్యాంట్రీ బరువెంత దీదీ, అని అడిగాడు. గ్యాంట్రీ అంటే ఆ వంతెనే, క్రేన్ల దగ్గర పనిచేసే రైల్వేవాళ్లందరికీ తెలిసిన మాట.

బరువెంత అని మమ్మల్ని అడగడం. నేను నిటారుగా నిలబడి, ఎంతుండాలో అంతుంటుంది అన్నాను. తమ్ముడు వెనక నుంచి, మేం వేగన్ షాపోళ్లం దాదా, బెంగ పెట్టుకోకండి, అన్నాడు. దాదా ఇంకోసారి అడగలేదు. అందరూ వంతెనను అల్యూమినియంతోనే కట్టుకుంటారు కాబట్టి మేమూ అంతే అనుకున్నాడు. నడిమి సైజు మోటారు చేతికిచ్చి, దీనితో ఠీక్ హై అన్నాడు.

ఈ ఊళ్లో బరువంటే భక్తి. పట్టా ముక్క ఇంట్లో సుత్తికి దాగలి, తలుపుకు ఒత్తు, పచ్చడికి బండ. తేలిగ్గా ఉన్న వస్తువును మా తమ్ముడు ఒకసారి ఎత్తి చూసి, ఇది డబ్బా సామాను, అని పక్కన పెట్టేస్తాడు. నేనూ అంతే. అందుకని వాడు పాత ఇనుము కొట్టు నుంచి మందపాటి స్టీలు చానెళ్లు తెచ్చి, ఎవరో స్నేహితుడి వెల్డింగు షెడ్డులో అతికించి, వంతెన చేశాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. బల్ల కూడా ఆ స్టీలే. పట్టాల మీద కూచోబెట్టి వేలితో తోస్తే మెల్లగా కదిలింది. ఒకసారి కదిలాక ఆపడానికి అరచెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది. నాకది గాంభీర్యంగా తోచింది.

ప్లైవుడ్ ముక్క మీద చిన్న పువ్వు వేసి చూశాం. నెమ్మదిగా నడిపాం, చక్కగా వచ్చింది. ఇక ఆగలేకపోయాను. మంచి రోజు చూసి నాన్న చెక్కల్లో ఒకదాన్ని బల్ల మీద బిగించాను. వీడియోల్లో చెప్పిన వేగమే పెట్టాను. నీళ్లు నడిచాయి. ఉలి దిగింది. మొదటి రేకు, రెండో రేకు. పనస పచ్చిపసుపు రంగు ఎండలోకి లేచి, దుమ్ములో తేలింది. నా కలలోంచి మర వరండాలోకి దిగి వచ్చి నిలబడిందనిపించింది. పద్మం సగం దాటాక అంచున ఉన్న తీగ కోసం వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తి, అక్కడ చటుక్కున వెనక్కి తిరగాలి. తిరిగేటప్పుడు టక్కుమని ఒక్క చప్పుడైంది. గోరు విరిచినంత చప్పుడు. మర ఆగలేదు. మిగతా తీగ, మిగతా రేకులు, అన్నీ ఒక వేలెడు పక్కకు జరిగి కోసుకుంటూ పోయింది. ఆ మోటారుకు తాను అడుగు తప్పిన సంగతి తెలియదు. చెప్పినన్ని అడుగులూ వేశాననే అనుకుంటుంది, అంతే ధీమాగా ముందుకు పోతుంది. మళ్లీ తిరిగే చోట మళ్లీ టక్కుమంది. నేను స్విచ్చు నొక్కేసరికి పద్మం రెండుగా చీలి, ఒకదాని నీడలా ఇంకోటి పడి ఉంది.

తమ్ముడు దగ్గరికి వచ్చి, చూసి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. జంటలో ఒక చెక్క పోయింది. ఒక్క పీట మీద పెళ్లి జరగదు. ఫాల్గుణం దగ్గరకొస్తోంది, ముసలమ్మ వస్తుంది, గుమ్మం బయట నిలబడి అడుగుతుంది.

సాయంత్రానికి వాడు తేల్చాడు, మోటారు చిన్నదైంది, పెద్దది తెద్దామని. ఇద్దరం గోల్ బజార్ వెళ్లాం. కొట్టు మూసి ఉంది. గడప ముందు బియ్యప్పిండితో వాళ్ల ముగ్గు, అల్పన. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు దాదా కూతురి పెళ్లి, మమ్మల్ని పిలిచాడు కూడా. గోధూళి వేళ లగ్నం. మా చేతుల్లో ఆ మోటారున్న సంచి ఉంది. అలాగే వెళ్లాం.

ఆ పెళ్లి నాకు ఇప్పటికీ నీళ్ల అడుగున చూసినట్టు గుర్తుంది. ఆకాశం అంచు గులాబీరంగులో ఉంది, లైట్లు అప్పుడే వెలిగాయి, ఇంకా వెలుతురు పోలేదు. ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ ఉలు ఉలు అని పాడుతున్నారు, శంఖాలు ఊదుతున్నారు. పెళ్లికూతురిని పిఁడి మీద కూచోబెట్టారు. పిఁడి అంటే వాళ్ల పెళ్లిపీట. ఆమె రెండు తమలపాకులతో మొహం కప్పుకుంది. అన్నదమ్ములు నలుగురు ఆ పీటను నాలుగు మూలలా పట్టుకుని, ఆమెను ఎత్తి, నిలబడి ఉన్న వరుడి చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. తమలపాకులు వణుకుతున్నాయి. ఒక మలుపు దగ్గర కుర్రాళ్లు వేగం చేశారు, బయటివైపు పట్టుకున్నవాడి కాలు జారింది, పీట ఒరిగింది. పెళ్లికూతురు చటుక్కున, పీట మోస్తున్న తన తమ్ముడి జుట్టు పట్టుకుంది. అందరూ నవ్వారు. ఒక పెద్దావిడ, ఆస్తే ఆస్తే, అని అరిచింది, మెల్లగా అని.

నేను ఆ పీట వంక చూశాను. వేలెడు మందం కూడా లేదు. తెల్లటి అల్పన రాసిన పలచని చెక్క. ఆ స్థానంలో మా తాత పీటను ఊహించుకున్నాను. మలుపు తిరిగేసరికి నలుగురినీ తనతోపాటు ఈడ్చుకుపోయి, తిన్నగా వరుడి మీద పడేది. మా పీట వాల్చడానికి చేసింది, వీళ్ల పీట మోయడానికి చేసింది. రెండింటికీ చెక్క ఒకటి కాదు. మా వరండాలో బల్ల కూచుని ఉండే వస్తువు. వంతెన మోసుకుని తిప్పే వస్తువు. రెండింటినీ మేము ఒకే ఇనుముతో చేశాం.

భోజనాల దగ్గర ఆకులో లూచీ, అంటే వాళ్ల మైదాపూరీ, పడుతుండగా తమ్ముడితో చెప్పాను.

"గ్యాంట్రీ తీసెయ్యాలిరా. మోటారు సరిగానే ఉంది."

"తిండి కాడేటి అప్పా. తిన్నాక తీద్దుం."

రెండు రోజులాగి కొట్టు తెరిచాక దాదాకు విషయం చెప్పాం. మేమేం మోయించామో విని ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఇద్దరు మనుషులు మోశారా, అని రెండుసార్లు అడిగాడు. తర్వాత మా సంచిలోంచి మోటారు తీసి, అరచేతిలో పెట్టుకుని, దాని వీపు తట్టి, "బేచారా," అన్నాడు, పాపం అని. నేను నవ్వలేదు. తమ్ముడు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

కొత్త వంతెనకు అల్యూమినియం గొట్టాలు ఏరుకున్నాం. లోపల గదులు గదులుగా బోలుగా ఉండి, బయటికి చదరంగా ఉండేవి. నాకు ఆ లోహం మీద ఎప్పుడూ గౌరవం లేదు, అది హాస్టళ్లలో గంజి చెంబుల లోహం. తమ్ముడు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి తెస్తుంటే ఎదురింటావిడ చూసింది. తల తిప్పుకున్నాను. పట్టాల మీద పెట్టి తోస్తే పరిగెత్తింది, వేలు అడ్డం పెడితే ఆగింది. స్టీలు బల్లను అలాగే ఉంచాం. దాని మీద ఎంత పరిగెత్తినా వరండా కదల్లేదు.

ఇక మిగిలింది చెక్క. కోసినంత మేర చిత్రిక పట్టి తీసేయవచ్చు, కానీ ఆ పీట పలచబడుతుంది, రెండోది మందంగా మిగులుతుంది. పందిట్లో ఇద్దరూ ఒకే ఎత్తులో కూచోవాలి. రెండోదాన్ని కూడా పలచన చెయ్యవచ్చు అనుకుంటే, నాన్న ఉంచిన మందాన్ని నా తప్పు కోసం తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

"తిరగేసి రెండోపక్క కోసీ అప్పా," అన్నాడు తమ్ముడు. "అడుగున ఎవుల్ సూస్తారు?"

"అడిగినవాళ్లకు చెప్పి ఇస్తాను."

"సెప్తే ఒద్దని ఎలిపోతే?"

"వెళ్తే వెళ్తారు. పీటలిక్కడుంటాయి."

వాడు చెక్క మీది పొట్టు అరచేత్తో తుడిచాడు. తర్వాత, ఊళ్లో మనల్నింకా పీటలోరనేది ఆ ముసలమ్మ ఒక్కతే అప్పా, అన్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే ఆవిడకు చెప్పకుండా ఇవ్వలేను.

చలి తగ్గుముఖం పట్టిన ఆ రోజుల్లో పీటలు కోశాను. వీడియోల వేగం పెట్టలేదు. ముగ్గు పిండి వేళ్ల సందుల్లోంచి జారే వేగం పెట్టాను. పొద్దున మంచులో సైరన్ మోగేది, సైకిళ్లు వీధి నిండా పారుతూ వర్క్‌షాపు వైపు వెళ్లిపోయేవి, తర్వాత వీధి ఖాళీ. బకెట్టులో నీళ్లు పడుతూ ఉండేవి. వంతెన మెల్లగా వెళ్లేది, మెల్లగా తిరిగేది, రేకు పక్కన రేకు విచ్చుకునేది. పనస వాసన తియ్యగా, కొంచెం మైకంగా, చీరల్లోకి, అన్నంలోకి కూడా వచ్చేది. సాలువా వైపు నుంచి గాలి తిరిగితే అందులో సాలచెట్ల పూత వాసన కలిసేది. కుర్చీలో కూచుని చూస్తూ చూస్తూ ఒక్కోసారి కళ్లు మూతలు పడేవి. మూసినా అదే కనబడేది, తెరిచినా అదే. ఏది కలో తేల్చుకోవలసిన తొందర నాకు లేదు. రెండు పీటలూ పూర్తయ్యాక పక్కపక్కన పెట్టి, కళ్లు మూసుకుని, రెండింటి మీదా వేళ్లతో ముగ్గు వేసినట్టు తిరిగాను. వేళ్లెక్కడా తడబడలేదు. తమ్ముడు అడుగున కోళ్లు బిగించాడు. నూనె పట్టించాం.

ముసలమ్మ టోటోలో, బ్యాటరీ రిక్షాలో, వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకుని దిగి, మా అద్దె వాటా గుమ్మం బయట, నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి, తాంబూలం పళ్లెం రెండు చేతులా పట్టుకుని, "పీటలివ్వండమ్మా," అంది. ఆ మాట ఆ గుమ్మంలో అంతకుముందు ఎవరూ అనలేదు. నేను పళ్లెం అందుకోలేదు. ముందు లోపలికి వచ్చి చూడమన్నాను.

పైన చూసింది. పద్మం మీద ముడతలు పడిన చెయ్యి పెట్టి నిమిరింది. అప్పుడు తమ్ముడితో ఆ మొదటి పీట తిరగేయించాను. చీలిన పద్మం, పక్కకు జారిన తీగ, అన్నీ పైకొచ్చాయి.

"ఇదేటమ్మా?" అంది.

మర కోసిందని, ముందు తప్పు కోసిందని, అందులో మర తప్పు లేదు, మాదేనని, చెడిందాన్ని అడుగున పెట్టి మళ్లీ కోశామని చెప్పాను. వద్దంటే ఏమీ అనుకోనన్నాను. 

ముసలమ్మ వంగి అడుగు వైపు చాలాసేపు చూసింది. కోడలు ఆవిడ మొహం చూసింది, తమ్ముడు నేల చూశాడు.

"నా పెళ్లప్పుడు నాను పైదే సూడనేదమ్మా," అంది చివరికి. "తలొంచుకుని కూకున్నాను కదా. పువ్వు పువ్వంతా నా సీర కిందే ఉండిపోయింది. లెగిసేసరికి ఎవులో ఎత్తుకెలిపోనారు. ఇన్నాలికి ఇయాలే సూస్తన్నాను."

కోడలు ఫక్కున నవ్వింది. ముసలమ్మ తిరగేసిన పీట మీద వేలు పెట్టి, "ఇది పెళ్లికొడుక్కెయ్యండి. మగపెళ్లోరికి మెడలొంగవు, అడుక్కి సూడ్డానికి," అని, పళ్లెం మళ్లీ నా ముందుకు చాపింది. ఈసారి అందుకున్నాను.

ఫాల్గుణంలో పెళ్లిరోజు పీటలతోపాటు నేను వెళ్లాను. హాలు కాదు, న్యూ సెటిల్‌మెంట్ గుడి పక్క ఖాళీ స్థలంలో పందిరి. ముసలమ్మ పట్టుబట్టి వెల్వెట్ కుర్చీలు తీయించేసింది. పంతులు చూపించిన చోట తమ్ముడు పట్టుకోగా నేను పీటలు వాల్చాను. పక్కకు తప్పుకుని, గుంజ దగ్గర నిలబడ్డాను. మగపెళ్లివారిలో ఒకాయన, శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి, పీటను తూర్పు వైపుకు ఇంకాస్త జరపబోయి, ఒంటిచేత్తో కుదరక, రెండో చెయ్యి కూడా వేసి, ఇయెవులి పీటలు, అని అడిగాడు. పక్కన పువ్వులు గుచ్చుతున్న ఒక ఆడమనిషి తలెత్తకుండా, "పీటలోరివి," అంది. అని, సూదిలోకి ఇంకో మల్లెమొగ్గ ఎక్కించింది.

తలంబ్రాల దాకా ఉన్నాను. దోసిళ్లలోంచి బియ్యం జారి, భుజాల మీద పడి, ఒళ్లోంచి పీట మీదికి రాలాయి.

మర్నాడు ఉదయం పీటలు తిరిగొచ్చాయి. రేకుల మధ్య గాడుల్లో పసుపు బియ్యం గింజలు ఇరుక్కుని ఉన్నాయి. తీగ మలుపుల్లో ఇంకా ఎక్కువ. పుల్లతో ఒకటొకటిగా తియ్యాలి, లేకపోతే చీమలు పడతాయన్నాడు తమ్ముడు. తియ్యాలి, నిజమే. పీటలను ఎండ తగిలే గోడకు ఆనించి, పుల్ల పట్టుకుని ఎదురుగా కూచున్నాను. కూచుని ఇంకా మొదలుపెట్టలేదు.